మోటారుకారు వర్ణలేపనము : మెరుగుపెట్టుట, మైనపుపూత

విలువగల మోటారుకారు దేహముపైనున్న రంగుపూతను గీతలును మచ్చలును లేకుండ సానపట్టి, ఎదుటి వస్తువు ప్రతిబింబము స్ఫుటముగా గోచరించునట్లు చేయుటయు, అట్లు సాధించిన నిగారింపు ఎండకు, వానకు, ధూళికి చెడకుండ దానిపై మైనమునో తత్సమానమగు కృత్రిమద్రవ్యమునో పలుచగా పూయుటయు ఈ వ్యాసమునకు విషయము. ఈ రెండు పనులును ఒకే షెడ్డులో, ఒకే మనుష్యుని చేతిమీదుగా, ఒకే పూట జరుగుచుండుటచేత కారు యజమానులలో పెక్కుమంది వానిని ఒకే పనిగా భావింతురు; బిల్లులో సయితము రబ్బింగు, పాలీషు, వ్యాక్సు అని ఒకే వరుసలో వ్రాసి ఒకే వెల కట్టుట పరిపాటి. వాస్తవమున నివి పరస్పరవిరుద్ధములైన క్రియలు. మొదటిది పూతనుండి కొంత తీసివేయుట. రెండవది పూతపై కొంత చేర్చుట. చేర్చినది కొలది వారములలో పోవును, మరల చేర్చవచ్చును. తీసినది మరల రాదు. ఈ విద్యలో నేర్పరికిని, యంత్రము కొనుటయే నేర్పనుకొనువానికిని గల తారతమ్యము చాలవరకు ఈ భేదమును గుర్తించుటలోనే యున్నది.

పూతల పొరలు. పూత యెంత పలుచనిదో తెలిసినగాని తీసివేతలోని అపాయము బోధపడదు. నేటి కర్మాగారములలో కారు దేహమును తొట్టిలో ముంచి, విద్యుత్ప్రవాహము సాయమున తుప్పు నాపు ప్రైమరును మొట్టమొదట అంటింతురు. ఇది సుమారు 20 మైక్రానుల మందముండును. దానిపై ఎగుడుదిగుళ్లను కప్పు మధ్యలేపము 30 మైక్రానులకు అటునిటుగాను, దానిపై రంగును మాత్రమే వహించు వర్ణలేపము 15 మొదలు 20 మైక్రానులుగాను, అన్నిటికంటె పైని రంగులేని పారదర్శకలేపము, అనగా వృత్తివారు క్లియర్‌కోటు అనునది, 40 మొదలు 50 మైక్రానులుగాను ఉండును. అన్నియు కలిసినను 100 మొదలు 150 మైక్రానులలోపుననే ముగియును. మనుష్యుని తలవెండ్రుక రమారమి 70 మైక్రానుల మందము గలది గనుక, కోటి రూపాయలు పోసి కొన్న కారునకైనను నిగారింపు నిచ్చు పై పొర వెండ్రుక మందమునకు చాలదన్నమాట. అతినీలలోహిత కిరణములను పీల్చుకొని క్రింది రంగును కాపాడు ద్రవ్యములును ఈ పొరయందే కలవు. అతిగా సానపట్టుటచే నది ఒకచోట మరీ పలుచనైనచో, కొన్ని వేసవులు గడచునప్పటికి అచ్చట తెల్లబారి పెచ్చులూడ నారంభించును. కావున కారు ఆయుష్కాలమంతటిలోను మొత్తముమీద 10 మైక్రానులకు లోపలనే తీయవలెనని జాగ్రత్తపరులగు నిపుణులు హద్దు పెట్టుకొందురు.

ఈ మందమును కొలుచుటకు అరచేతిలో ఇముడు పరికరము గలదు. రేకు ఉక్కుదైనచో అయస్కాంతప్రేరణచేతను, అల్యూమినియముదైనచో సుడివిద్యుత్తుచేతను అది పనిచేయును. కార్బను నారతో చేసిన దేహములకు ఈ రెండును పనికిరావు గనుక అతిధ్వని తరంగములతో కొలుచు ఖరీదైన పరికరము కావలెను. మామూలు పరికరము మొత్తము మందమును చెప్పునేగాని అందు క్లియర్‌కోటు పాలెంతయో చెప్పజాలదు. అయినను ఒక తలుపుపై 120 చూపిన అంకె పక్క తలుపుపై 250 అయినచో ఆ తలుపునకు మరల రంగు పడినదని, వేయి దాటినచో రంగు క్రింద లప్పమున్నదని చెప్పకయే చెప్పును. సెకండుహ్యాండు కార్ల బేరములలో ఈ చిన్న పెట్టె ఎందరి మాటలను అబద్ధము చేసినదో లెక్కలేదు.

పూర్వచరిత్ర. మోటారుకారు పుట్టిన తొలినాళ్లలో దానికి గుఱ్ఱపుబగ్గీల రంగులే వేసిరి. అవిసెనూనె, కోపలు జిగురు, టర్పెంటైను చేర్చి సిద్ధపరచిన వార్నిషును కుంచెతో పొరమీద పొరగా పూసి, ఒక్కొక్క పొర ఆరినపిమ్మట నురుగురాతిపొడితోను నీటితోను రుద్ది చదునుచేసి, మరల పూసి, మరల రుద్దుచు పోవుటచేత ఒక్క కారు ముగియుటకు వారములు, కొన్నియెడల నెలకు పైబడియు పట్టెడిది. లండనులోని బార్కరు కంపెనీవారు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు చట్రముపై దేహమును కట్టిన హైదరాబాదు నిజాముల పసుపుపచ్చ సింహాసనపు కారు ఆ కుంచెయుగమునకు చెందినదే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పించదలచిన ఆ కారు, 1911లో ఆయన గతించుటచే, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ వశమై, ఊరేగింపులకు దక్క ఎక్కువగా తిరుగక, ఈ కాలమున చౌమహల్లా సౌధమున సందర్శకుల కన్నులకు విందు చేయుచున్నది.

1923లో డ్యూపాంటు కంపెనీవారి డ్యూకో అను నైట్రోసెల్యులోజు ల్యాకరు, జనరల్ మోటార్సువారి ఓక్లాండు కార్లపై నీలివర్ణముతో అవతరించుటతో ఈ వ్యవస్థ తలక్రిందులైనది. వారములలో ఆరునది గంటలలో ఆరెను; కుంచె పోయి పిచికారీ వచ్చెను. కాని పిచికారీతో వేసిన ల్యాకరు ఆరినపుడు మసకగా నుండెడిది. రుద్దినగాని దానికి కాంతి రాదు. ఈ లోపమే మెరుగుపెట్టు ద్రవ్యముల వ్యాపారమునకు మూలధన మయ్యెను. డ్యూపాంటువారే తమ రంగును రుద్దుకొనుటకు తమ పాలీషునే అమ్మజొచ్చిరి. 1910 ప్రాంతమున షికాగోలో పుట్టిన సైమనైజు మైనము మోటారువాహనదారులకు ఇంటింటి మాటవలె పరిచితమయ్యెను. డ్యూకో వచ్చిన దశాబ్దముననే ఇంకొక రెండు వస్తువులు రంగుషెడ్లనుండియే లోకమునకు వచ్చినవి. పొడిగా రుద్దునపుడు లేచు సీసపుధూళినుండి పనివారిని కాపాడునట్టి, నీటిలో నానినను చెడని గరుకుకాగితమును ఫ్రాన్సిస్ ఓకీ కనిపెట్టగా త్రీ ఎం కంపెనీవారు 1921లో అమ్మకమునకు తెచ్చిరి. రెండురంగుల కార్లకు హద్దుగీత చెదరకుండుటకై అదే కంపెనీలోని రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగుటేపును సృష్టించెను. మన షెడ్లలో వాటరు పేపరని పిలువబడునది మొదటిదాని సంతతి. డ్యూకో విషయమునకు వచ్చినచో, కార్లపైనుండి అది ఏనాడో తొలగినను, బీరువాలకును తలుపులకును పిచికారీతో వేయు నున్నని రంగును మన వడ్రంగులు నేటికిని డ్యూకో యనియే వ్యవహరించుచున్నారు.

తరువాతి పరిణామమును క్లుప్తముగా చెప్పవచ్చును. 1930 తర్వాత బట్టీలో కాల్చు ఎనామెళ్లును, 1950 తర్వాత అక్రిలికు ల్యాకర్లును వచ్చినవి. 1980 ప్రాంతమునుండి రంగును, కాంతిని వేరుచేసి, రంగు క్రిందను కాంతి పైనను ఉండు క్లియర్‌కోటు పద్ధతి స్థిరపడినది. 2003లో మెర్సిడెస్‌బెంజివారు అతిసూక్ష్మమగు సిరామికు కణములు గల క్లియర్‌కోటును ప్రవేశపెట్టిరి. అది గీతలను పూర్వముకంటె గట్టిగా నెదిరించును, కనుకనే పడిన గీతను తీయుటయు పూర్వముకంటె కష్టమయ్యెను.

నిగారింపు స్వభావము. క్లియర్‌కోటు వక్రీభవనగుణకము సుమారు 1.5 గనుక, దానిపై నిట్టనిలువుగా పడిన వెలుతురులో నూటికి నాలుగువంతులు మాత్రమే ఉపరితలమునుండి వెనుకకు మరలును. ఉపరితలము నున్ననైనచో ఆ నాలుగువంతులును క్రమము తప్పక ఒకే దిక్కునకు పోయి ఆకాశమును, చెట్టును, చూచువాని ముఖమును చిత్రించును. గీతలున్నచో చెదరి బూడిదవన్నె తెరయై ఆవరించును. నల్లకారునందు మిగిలిన తొంబదియారు వంతులను క్రింది రంగు మ్రింగివేయుటచేత ఆ తెర ఒక్కటియే కంటికి మిగులును. తెల్లకారునందు క్రింది రంగే వెలుతురులో అధికభాగమును తిరిగి పంపుటచేత గీతల కాంతి అందులో కలిసి కనబడకుండ పోవును. నల్లకారు కడిగిననాడు మాత్రమే అందముగా నుండుననుట ఈ భౌతికసూత్రమునకు లోకానువాదము.

చీకటిగదిలో నల్లని బానెటుపై ఒక దీపము పట్టి చూచినచో, దీపపుబింబముచుట్టు సాలెగూడువలె వలయములు వలయములుగా సన్నని గీతలు కానవచ్చును. గుడ్డను గుండ్రముగా త్రిప్పి తుడుచుటచే గీతలు గుండ్రముగా పడెనని సాధారణముగా చెప్పుదురు. ఇది భ్రమ. గీతలు నలుదిక్కులకును పడియే యుండును. అందు దీపమునకును కంటికిని మధ్యగల రేఖకు అడ్డముగా నున్నవి మాత్రమే వెలుతురును కంటిలోనికి పంపగలవు. ప్రతి బిందువునందును అట్టివానిని మాత్రమే ఏరి చూచుటచేత వలయాకృతి ఏర్పడును. దీపమును జరిపినచో వలయమును దానితోపాటు జరుగుటయే ఇందుకు నిదర్శనము.

మెరుగుపెట్టు విధానము. సానపట్టుటకు ముందు కారును కడుగుట సరిపోదు. కడిగి తుడిచిన తలుపుపై పలుచని ప్లాస్టికు కవరును వ్రేళ్లకు తొడిగి తడిమినచో, ఒట్టిచేతికి నున్నగా తోచిన చోట ఇసుకగరుకు తగులును. బ్రేకులనుండి రాలి వేడిమీద పూతలో నాటుకొన్న ఇనుపరేణువులు, తారుచుక్కలు, చెట్ల జిగురు ఈ గరుకునకు హేతువులు. థయోగ్లైకొలేటు గల ద్రావణమును చల్లినచో ఇనుపరేణువున్న ప్రతిచోటను ఊదారంగు పుట్టి ధారలుగా కారును. శుభ్రముగానున్నదని యజమాని ప్రమాణముచేసిన తెల్లకారుపై ఈ దృశ్యము చూడదగినది. మిగిలినదానిని క్లే యను మెత్తని జిగటముద్దతో, సబ్బునీరు చల్లుచు, ఒత్తక జరుపుచు తీయవలెను. నేలపై పడిన క్లేముక్కను కడిగి వాడుకొందమనుకొనుట పొదుపు కాదు.

రుద్దుటకు వాడు ద్రవ్యమున ప్రధానమైనది అల్యూమినియము ఆక్సైడు చూర్ణము. ముతకది కాంపౌండు, నయమైనది పాలీషు. యంత్రములు రెండు తెగలు : ఇరుసుపై గుండ్రముగా మాత్రమే తిరుగునది రోటరీ, తిరుగుచు ప్రక్కలకు ఊగునది ద్వంద్వచలనయంత్రము. రోటరీ త్వరగా కోయును, అంతే త్వరగా కాల్చును. అజాగ్రత్తగా నడిపిన రోటరీ ఎండలో ఇంద్రధనుస్సు చారలను మిగుల్చును. ఊగుయంత్రము నిదానమైనను క్షమాగుణము గలది. ఇటలీలోని రూపెస్ కంపెనీవారు ఊగుపరిధిని 15, 21 మిల్లీమీటర్లకు పెంచిన పిదప రోటరీ చేయుపనిలో పెక్కుభాగము దీనికి సంక్రమించినది. ప్యాడులందు గొఱ్ఱెయున్నిది మిక్కిలి కోయునది, పిదప సూక్ష్మతంతువులది, నురుగుప్యాడులు వాని మెత్తదనమునుబట్టి అనేకవిధములు.

ఏ ప్యాడు ఏ ద్రవ్యముతో జతకూడవలెనో గ్రంథము చెప్పజాలదు, కారే చెప్పవలెను. ఏలయన ఒక్కొక్క కంపెనీ క్లియర్‌కోటు కాఠిన్యము ఒక్కొక్క తీరుగా నుండును. నేర్పరియగువాడు బానెటుపై రెండడుగుల చదరమును టేపుతో వేరుచేసి, అన్నిటికంటె సౌమ్యమైన జతతో ప్రారంభించి, అది చాలదని నిశ్చయమైనపిమ్మటనే పదునైనదానికి పోవును. అడ్డముగా ఒకమారు, నిలువుగా ఒకమారు, ముందుగీతలో సగము మీదికి వచ్చునట్లు, యంత్రము తన బరువుతోనే పనిచేయునట్లు నెమ్మదిగా జరిపి, ఐసోప్రొపైలు ఆల్కహాలుతో తుడిచి చూడవలెను. ఈ తుడుపు అత్యావశ్యకము. పాలీషులోని నూనెలు గీతలలో నిండి వానిని దాచును. తుడిచినగాని గీత పోయినదో దాగినదో తెలియదు. కొందరు దుకాణదారులు గీతలను తీయు శ్రమకు మారుగా వానిని నింపు ద్రవ్యమును పూసి కారు నప్పగింతురు. రెండు వానలు కురియునంతలో గీతలన్నియు తిరిగి ప్రత్యక్షమగును. ఇందు యజమాని దోషము లేకపోలేదు : సాయంకాలమునకు కావలెనని తొందరపెట్టువానికి సాయంకాలమువరకు నిలుచు మెరుగే దొరకును.

దేహపు అంచులయందును, మడతరేఖలయందును పూత సహజముగనే పలుచన. యంత్రపు ఒత్తిడియంతయు అచ్చటనే కేంద్రీకరించును. కావున అంచులపై టేపు అంటింతురు. ప్లాస్టికు బంపర్లు వేడిని ప్రక్కకు ప్రసరింపనీయవు గనుక రేకుకంటె ముందుగా కాలును. క్లియర్‌కోటు లేని పాతకారును రుద్దునపుడు ప్యాడునకు ఎఱ్ఱకారైనచో ఎఱుపు, నీలికారైనచో నీలము అంటుట సహజము, భయపడనక్కరలేదు. క్లియర్‌కోటు గల కారును రుద్దునపుడు ప్యాడునకు రంగంటినచో అప్పటికే పై పొర తెగిపోయినదని అర్థము. అచ్చట రంగు మరల వేయించుట తప్ప వేరు మార్గము లేదు.

మైనము. మెరుగైన తలమును కాపాడుటకు వాడు మైనములలో శ్రేష్ఠమైనది కార్నౌబా. ఇది బ్రెజిలు ఈశాన్యభాగమందలి సియరా, పియవీ, రియోగ్రాండి దొ నోర్తి రాష్ట్రములలో పెరుగు ఒక తాళజాతివృక్షపు ఆకులపై పుట్టును. ఎండకు ఆకులోని తేమ హరించిపోకుండ ఆ చెట్టు తన ఆకులకు తానే పూసికొన్న పూత యిది. వర్షములు లేని మాసములలో పొడవైన వెదురుగడలకు కొడవళ్లు కట్టి, విసనకఱ్ఱ ఆకృతిగల ఆకులను కోసి, ఎండలో పరచి వాడ్చి, చీల్చి బాదుదురు. పొడిపొడిగా రాలిన దుమ్మును కరగించి, వడగట్టి, గడ్డకట్టించి పగులగొట్టుదురు. లేత ఆకులనుండి వచ్చిన పసుపువన్నె రకమునకు వెల హెచ్చు. ముదురాకులది గోధుమవన్నెకు దిగును. అమెరికాలో రేసీన్ పట్టణమున నేలమైనములు తయారుచేయు జాన్సను కంపెనీ అధిపతి హెచ్. ఎఫ్. జాన్సను, ఈ చెట్టు సరఫరా తన వ్యాపారమునకు ఎంతకాలము అక్కరకు వచ్చునో స్వయముగా చూచుకొనుటకై, 1935లో సికోర్‌స్కీ ఉభయచరవిమానముపై ఫోర్టలెజా నగరమునకు ఎగిరిపోయెను. ఒక చెట్టు ఆకుపొడికై అంతదూరము విమానయాత్ర చేసిన వర్తకులు అరుదు.

కార్నౌబా 82 మొదలు 86 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కరగును. తేనెమైనము 62 మొదలు 64 డిగ్రీలకే కరగును. నడివేసవిలో ఆరుబయట నిలిచిన నల్లకారు పైరేకు 70 డిగ్రీలకు కాగుట కలదు గనుక, మన దేశమున ఈ భేదము పుస్తకవిషయము కాదు. అయితే శుద్ధమైన కార్నౌబా పెళుసైన రాయివంటిది. దానిని నూనెలతోను, హైడ్రోకార్బను ద్రావణులతోను, మెత్తని ఇతర మైనములతోను చేర్చినగాని పూయుట సాధ్యము కాదు. డబ్బాపై నూటికి నూరుపాళ్లు కార్నౌబాయని వ్రాసినచో, అందలి కార్నౌబా అంతయు కార్నౌబాయే యని మాత్రము గ్రహించునది.

పూయునపుడు అత్యాశ పనికిరాదు. నీడన, రేకు చల్లగానున్నపుడు, చేతి నురుగుప్యాడునకు కొద్దిగా రాచి, కంటికి లీలగా మాత్రమే ఆనునట్లు పరవవలెను; ద్రావణి ఆవిరియైపోయి పూత మసకవారిన పిదప ఒకచోట వ్రేలితో గీచి, వ్రేలి జాడ తేటగా వచ్చినచో తుడుపునకు సమయమైనదనియు, జిడ్డుగా అలుకుకొన్నచో ఇంకను ఆగవలెననియు నిశ్చయింపవలెను. మందముగా పూసినదంతయు తుడుపుగుడ్డకే పోవును. రేకుపై నిలుచునది మైక్రానుకంటె తక్కువ. నల్లని ప్లాస్టికు పట్టీలకు మైనమంటినచో తెల్లని మరక దిగి ఎంతకును వదలదు. మైనపు వక్రీభవనగుణకము క్లియర్‌కోటునకు సన్నిహితమగుటచే అది మిక్కిలి సన్నని గీతలలో నిండి వెలుతురు చెదరుటను తగ్గించును. మైనము పూసిన ముదురురంగులకు లోతు వచ్చినదని రసికులు చెప్పుట ఇందువలననే. రెండు మూడు నెలలకు మించి అది నిలువదు.

కృత్రిమ పాలిమరు ద్రవ్యములు ఇంతకంటె ఎక్కువకాలము నిలుచును. వీనిలో పెక్కింట సిలికోనులున్నవి. రంగువేయు షెడ్లకు ఇవి బద్ధశత్రువులు, ఏలయన రేకుపై లేశమాత్రము మిగిలినను కొత్తరంగు అచ్చట అంటక గుంటలు పడును. ఇటీవల ప్రాబల్యమునకు వచ్చిన సిరామికు పూతలు సిలికా, పాలీసిలజేనులపై ఆధారపడినవి. గాలిలోని తేమతో సంయోగించి గాజువంటి పలుచనిపొరగా ఏర్పడి సంవత్సరముల తరబడి నిలుచును. అమ్మకందారులు చెప్పు 9హెచ్ అను కాఠిన్యము పెన్సిలుమొనలతో గీచి కొలుచు పరీక్షకు సంబంధించినది. ఖనిజముల కాఠిన్యమానములో తొమ్మిదవదగు కురువిందముతో దీనికెట్టి బంధుత్వమును లేదు. ఈ పూత నీటిని జార్చును, మురికిని అంటనీయదు, రసాయనముల నోర్చును. కాని ధూళిగుడ్డతో తుడిచినచో గీతలు పడియే తీరును. పైగా దాని క్రింద చిక్కిన గీతలు దానితోపాటు బంధింపబడునుగాన, ముందు సానపట్టక దీనిని పూయుట వ్యర్థము. రాళ్లదెబ్బలకు నిజముగా అడ్డునిలుచునది 150 మొదలు 200 మైక్రానుల మందముగల పారదర్శక పాలీయురెథేను పొర ఒక్కటియే; దానిపై పడిన సన్నని గీతలు ఎండవేడికి తమంతట తామే మాసిపోవును.

తెలుగునాటి పరిస్థితులు. గీతలలో అధికభాగము రహదారిపై గాక ఇంటివద్ద కడుగునపుడు పుట్టునవే. హైదరాబాదు అపార్టుమెంట్ల సెల్లార్లలో తెల్లవారుజామున ఒకే బకెట్టు నీటితో, ఒకే గుడ్డతో వరుసగా కార్లను తుడుచుకొనిపోవు పద్ధతి కంటె క్లియర్‌కోటునకు హానికరమైనది మరొకటి లేదు. దక్కను ధూళిలోని క్వార్ట్జుకణము ఏ క్లియర్‌కోటుకంటెను కఠినము. తుడుచు మనుష్యుని తప్పుపట్టి లాభములేదు, అతనికి ఇచ్చు నెలజీతమునకు రెండవ బకెట్టు రాదు. బోరునీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములు ఎండలో ఆరి తెల్లని వలయములై కూర్చుండును. అప్పుడే వినిగరు కలిపిన నీటితో కడిగినచో పోవును, నెలలు గడచినచో సాన తప్పదు. విశాఖపట్టణమున సముద్రపు ఉప్పుగాలికి రేవునుండి లేచు ఇనుపఖనిజపు ధూళి తోడగును. పక్షిరెట్ట ఎక్కడనైనను ప్రమాదకరమే : ఎండకు సాగి మెత్తనైన పూత, సాయంకాలము చల్లబడి ఎండిన రెట్టచుట్టు బిగుసుకొనుటచే కడిగిన తర్వాతను దాని ముద్ర మిగిలిపోవును.

పోటీలు, సంరక్షణ. ఇటలీలోని విల్లా దెస్తె యందు 1929లోను, కాలిఫోర్నియాలోని పెబుల్ బీచియందు 1950లోను ప్రారంభమైన సొగసుకార్ల పోటీలవలన మెరుగుపెట్టుట ఒక కళగా గౌరవము పొందినది. మన దేశమున కార్టియరువారి పోటీ 2017లో హైదరాబాదు ఫలక్‌నుమా సౌధమున జరిగినది. ఇట్టి పోటీలు చిరకాలము కొత్తదానికంటె కొత్తగా మెరయు కార్లకే పట్టము కట్టినవి. తత్ఫలితముగా ఎన్నో పూర్వపుపూతలు గీకివేయబడి ఆధునికమగు క్లియర్‌కోటు క్రింద అంతర్ధానమైనవి. ఇటీవల మొదటిపూతను నిలుపుకొన్న కార్లకు ప్రత్యేకవిభాగము లేర్పడుట సంతోషింపదగినది; పగుళ్లుబారిన అసలు ల్యాకరునందు చరిత్రకారునకు దొరకునది నిన్నటి పిచికారీయందు దొరకదు. అట్టి పూతలను సానపట్టరు. బ్రిటిషు మ్యూజియము పరిశోధనశాలలో రూపొందిన రినైజాన్సు మైనమువంటి ఆమ్లరహితమగు సూక్ష్మస్ఫటికమైనమును మాత్రమే మృదువుగా పూసి ఊరకుందురు.

ఇక కాంతిలేని మేటుపూతల కార్లకు ఈ వ్యాసమున చెప్పిన సానపద్ధతు లేవియు వర్తింపవు. ఆ పూత యందము వెలుతురును చెదరగొట్టుటయందే యున్నది గనుక, పాలీషుగుడ్డతో ఒకచోట రుద్దినను అచ్చట నిగనిగలాడు మచ్చ ఏర్పడును. దానిని తిరిగి మసకగా చేయు ద్రవ్యము లేదు, ఆ రేకు మొత్తమునకు రంగు మరల వేయింపవలసినదే. కారు కొనునపుడే ఈ సంగతి తుడుచువానికి కూడ తెలియజేయుట మంచిది.